రసమట్టం తాత పెట్టిన వంకర మెట్టు

గోడ సమంగా ఉందో లేదో బుడగతో చూపించే రసమట్టమే తాతకి పేరై కూర్చుంది. తాపీపని మానేసి ఏళ్లయినా, ఎవరింటికెళ్లినా ముందు గోడమీద పటం సరిచేసి, ఆ తర్వాతే కూర్చుంటాడు. ఎన్ని ఉల్లిపాయలు తరిగినా ఆయన కన్ను చెమర్చదు. "ఆయన కళ్లలో కూడా సిమెంటే పోశారు" అనేది అమ్మమ్మ. మనవలు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

వయసులో ఉండగా తాత కొండమీది ఊరికి, కోట పాత మెట్లు బాగుచేసే పనికి వెళ్లాడు. ఇంటి దగ్గర తొలిచూలు పిల్ల జ్వరంతో పోయింది. కబురు మధ్యాహ్నానికే అందినా, కలిపిన సున్నం గట్టిపడిపోతుందని చేతిలో ఉన్న రాయి పెట్టి మరీ బయల్దేరాడు. బస్సు తప్పిపోయింది. ఇల్లు చేరేసరికి అంతా అయిపోయింది. పిల్లకన్నా రాయే ఎక్కువైందని అమ్మమ్మ ఆనాటి నుంచీ దెప్పుతూనే ఉంది. తాత ఒక్కసారీ బదులు చెప్పలేదు.

ఆ ఊరి మాటెత్తితే లేచి లోపలికెళ్లిపోయే అమ్మమ్మ, ఈ ఏడు అక్కడి ఉత్సవాలకి మనవల పోరు పడలేక బయల్దేరింది. చెక్కుడు కిటికీలు, ఒకదాని భుజాలమీద ఒకటెక్కినట్టున్న ఇళ్లు, మలుపు మలుపునా రంగు కాగితాల తోరణాలు. ఆమె దేన్నీ తలెత్తి చూడలేదు. తాత మోకాళ్లు పట్టుకుని వెనకాలే ఎక్కుతున్నాడు. బురుజు కింద మలుపులో ఆమె కాలు తట్టుకుని ముందుకు తూలింది.

"అక్కడ అందరూ పడతారమ్మా" అన్నాడు జనాన్ని తిప్పి చూపిస్తున్న గైడు హుషారుగా. పరుగెత్తుకొచ్చే శత్రువులు బోర్లా పడాలని ఆనాటి రాజు ఆ ఒక్క మెట్టూ కావాలనే వంకరగా పెట్టించాడట. జనం రాజు తెలివిని మెచ్చుకుని, ఫోటోలు తీసుకుని పైకి సాగారు. మనవలూ వాళ్ల వెంటే.

తాత కదల్లేదు. "రాజు కాదే, నేనే" అన్నాడు. "ఆ రోజు పెట్టిన రాయి."

అమ్మమ్మ ఆ మెట్టుమీదే చతికిలబడింది. అరచేత్తో అంచు తడిమింది. ఒకవైపు బొటనవేలంత లేచి ఉంది.

"రసమట్టం పెట్టి చూసుకోలేదా?" అని అడిగింది.

"పెట్టాను. బుడగ కనబడలేదు."

పైనుంచి మనవలు కేకేశారు. ఆమె వెళ్లలేదు. కొంగు చివరతో రాతిమీది దుమ్ము, పసిపిల్ల మూతి తుడిచినట్టు, తుడుస్తూ కూర్చుంది.