ఫస్ట్ నేమ్ గడిలో ఇంటిపేరు

నా పాన్ నంబరు చచ్చిపోయిందని నాకు చెప్పింది మా చెల్లెలు. గుంటూరులో మా ఇద్దరి పేరునా ఉన్న స్థలంలో నా వాటా దానికి రాసిస్తానని మాటిచ్చాను. దస్తావేజు రాసేవాడు వివరాలు చూస్తుంటే నా నంబరు పనిచేయడం లేదని తేలిందట. న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్నాక విదేశీయురాలిగా అక్కడ వివరాలు మార్పించుకోవాలి. నేను మార్పించుకోలేదు. అక్కడ సంపాదన లేనప్పుడు ఆ కార్డుతో నాకేం పని అనుకున్నాను.

చెల్లెలు ఫిజియోథెరపిస్టు. నడక రాని పిల్లలకు వ్యాయామాలు చేయిస్తుంది. అది అద్దెకుంటున్న రెండు గదుల్నీ మార్చి నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు ఓనరు. మా స్థలం ఆ పక్క వీధిలోనే ఉంది. రిజిస్ట్రేషన్ అయితే రేకుల షెడ్డయినా వేసి మొదలుపెట్టొచ్చని దాని ఆశ. లేదంటే ఊరి చివరికి పోవాలి. పిల్లల్ని చంకనేసుకుని ఇప్పటికే రెండు బస్సులు మారి వస్తున్న తల్లులు అంతదూరం రాలేరు.

నేను జనవరికి టికెట్ కొన్నాను, సెలవు పెట్టాను, పాన్ వివరాలు మార్చమని దరఖాస్తు పంపాను. పేర్లు సరిపోలడం లేదని తిప్పి పంపారు.

ఆ తప్పు ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల వయసులో మొదటిసారి ఇంగ్లీషు ఫారం నింపుతూ ‘ఫస్ట్ నేమ్’ అన్న గడి చూశాను. మనం ముందు రాసేది ఇంటిపేరే కదా, ఇంటిపేరు రాశాను. పాన్‌లో అదే పడింది, పాస్‌పోర్టులోనూ అదే. చదువుకోవడానికి న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వస్తే క్లాసులో అందరూ నన్ను ఇంటిపేరుతోనే పిలిచేవారు. ఎవరో మా నాన్నని పిలుస్తున్నట్టుండేది. చెబితే ఏమనుకుంటారోనని రెండేళ్లు ఆ పేరుకే పలికాను. పౌరసత్వం వచ్చినప్పుడు పట్టుబట్టి ఆ వరస సరిచేయించుకున్నాను. ఎంత మురిసిపోయానో! ఇప్పుడా సరిచేసిన పేరే పాన్‌కి అడ్డం తిరిగింది.

పొరపాటున పేరు తిరగబడిందని, ఇప్పుడు మార్చుకున్నానని వివరంగా రాసి పంపాను. పేరు మారితే గెజిట్ ప్రకటన జతచేయమన్నారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మారనే లేదు మహాప్రభో, మారినదల్లా వరస అంటూ పేజీన్నర రాశాను. పంపే ముందు మాత్రం బుద్ధి తెచ్చుకుని చెరిపేశాను.

“అక్కా, తేలిందా?” అని ఆదివారం ఫోన్లో అడిగింది చెల్లెలు.

“తేలుతుందిలేవే.”

“కుదరకపోతే చెప్పెయ్యి. నేను పిల్లల తల్లులకి ముందే చెప్పుకోవాలి. ఇద్దరు మానేస్తామంటున్నారు అప్పుడే.”

ఆ మాటకి నిద్ర పట్టలేదు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని ప్రమాణపత్రం రాసుకుని శనివారం నేనుండే ఆల్బనీకి దగ్గర్లోని లైబ్రరీకి వెళ్లాను. అక్కడ వారానికోసారి ఒక జేపీ కూర్చుంటారు. కాగితాల మీద సాక్షి సంతకం పెట్టే పెద్దమనిషి అన్నమాట, పైసా తీసుకోరు. ఆ రోజున్నది డెబ్బై దాటిన మావోరీ ఆవిడ, ఈ దేశపు మూలవాసి. “కియ ఓరా” అని పలకరించి, కళ్లజోడు సర్దుకుని నా కాగితం ఆసాంతం చదివారు. సంతకం మాత్రం పెట్టలేదు.

“పొరపాటున అని రాశావు. ఏమిటా పొరపాటు?” అని అడిగారు.

చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. “మా వాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారండీ,” అన్నాను కాస్త కటువుగానే.

ఆవిడ నవ్వారు. “మేం నలుగురిలో మమ్మల్ని పరిచయం చేసుకునేటప్పుడు ముందు మా కొండ పేరు చెబుతాం. తర్వాత మా నది, మా తెగ. సొంత పేరు అన్నిటికన్నా ఆఖరున. అది పొరపాటంటావా?”

నేను నా కాగితంలో ఆ మాట మళ్లీ చూసుకున్నాను.

“నువ్వే పొరపాటంటే వాళ్లు రుజువు అడగరా మరి? మీ పద్ధతి ఏమిటో రాయి. అదే పేరు, వరస వేరు. అంతే.” ఒక తెల్లకాగితం నా ముందుకు తోశారు.

సిగ్గేసింది నాకు. ఇన్నేళ్లూ మా ఊరి పద్ధతిని నేనే తప్పని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అక్కడే కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను: తెలుగువాళ్లం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడ చివర రాస్తారు, నా పేరు ఏనాడూ మారలేదు. ఆవిడ నాచేత పైకి చదివించి, సంతకం పెట్టించుకుని, తన ముద్ర వేశారు.

ఆ కాగితం జతచేసి పంపిన మూడు వారాలకు, ఆఫీసు నుంచి బస్సులో ఇంటికొస్తుంటే మెయిల్ వచ్చింది. నంబరు పాతదే, మళ్లీ పనిచేస్తోంది. రెండుసార్లు చదివి చెల్లెలికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న పదిన్నర, పనిలో ఉంది.

“వచ్చేసిందే! జనవరిలో రిజిస్ట్రేషన్,” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. పక్క సీటాయన తిరిగి చూశాడు, చూడనీ అనుకున్నాను.

చెల్లెలు ఫోన్ ఎక్కడో పెట్టేసినట్టుంది. దూరం నుంచి దాని గొంతు మాత్రం వినిపించింది.

“ఏమ్మా, మార్చి తర్వాత రాలేనన్నావుగా? మానకు. పక్క వీధికే వెళ్తున్నాం. పాపని తీసుకురా.”