గొంతు పోయిన ఉస్తాదును దేవుడు మళ్లీ తరగతిలో నిలబెట్టాడు

సహోదరులారా, సహోదరీలారా, నా గొంతు ఇంతే. ఇంతకంటే పెద్దగా రాదు. వెనక బెంచీల్లో ఉన్నవాళ్లకు వినబడకపోతే లేచి ముందుకు రండి, నేనేం సిగ్గుపడను, ఎందుకంటే ఈ బొంగురు గొంతు నాకు దేవుడు రెండోసారి ఇచ్చిన గొంతు!

నా పేరు యేసురత్నం. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మా నాయన నాపరాళ్ల గనిలో రాయి కొట్టేవాడు. గనిలో ఈ దరి నుంచి ఆ దరికి కేక వేయాలంటే గొంతు ఉండాలి, ఆ గొంతు మా నాయన నుంచి నాకు వచ్చింది. సైన్యంలో చేరాక, బండ్లూ ట్యాంకులూ బాగుచేసే మెకానిక్కులను తయారుచేసే శిక్షణ కేంద్రంలో నన్ను బోధకుణ్ణి చేశారు. అక్కడ బోధకుణ్ణి ఉస్తాద్ అంటారు. కొత్తగా చేరిన కుర్రవాళ్లూ, ఇంజనీరింగ్ చదివి వచ్చిన యువ ఆఫీసర్లూ నా ముందు నిలబడేవాళ్లు. ఇంజను నడుస్తుండగా, ఆ మోత మీదుగా పాఠం చెప్పేవాణ్ణి, చివర్లో నిలబడ్డవాడికి కూడా మాట పొల్లుపోకుండా వినబడేది.

ఆ గొంతు బొంగురుపోయింది. అరిచి అరిచి వచ్చిందిలే అనుకున్నాను. మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, తగ్గలేదు. మిలిటరీ ఆసుపత్రిలో గొట్టం దించి చూసి, స్వరపేటిక మీద గడ్డ ఉంది, క్యాన్సరు అన్నారు. గడ్డను కోసి తీసేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం! కానీ కట్టు విప్పిన రోజు నేను నా భార్య సుగుణమ్మను పిలుద్దామని నోరు తెరిస్తే గాలి వచ్చింది తప్ప మాట రాలేదు.

మా కల్నల్ సాబ్ మంచివాడే. నా భుజం మీద చెయ్యి వేసి, బోధకుడికి గొంతే ఆయుధం రత్నం, ఇక నువ్వు తరగతికి రావద్దు, స్టోర్లో సామాను చూసుకో, ముందు సెలవు మీద ఇంటికి వెళ్లు అన్నాడు. జాలితోనే అన్నాడు. ఆ జాలే నన్ను కత్తికంటే ఎక్కువ కోసింది.

ఇంటికి వచ్చాను. అప్పుడు తెలిసింది, నోరు లేనివాడికి చెవులు కూడా లేవనుకుంటారు లోకులు! ఈ ప్రొద్దుటూరులోనే బట్టల అంగడికి పోతే, అంగడాయన నా చెవి దగ్గరికి వచ్చి, "ఏం గావాల నీకూ?" అని బజారంతా వినబడేలా అరిచాడు. బంధువులు వచ్చి నా ఎదుటే కూర్చుని నన్ను గురించి మాట్లాడుకున్నారు, ఇంకెంత కాలం బతుకుతాడో పాపం అని. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అన్నం మానేశాను. దేవుడితో కూడా మాటలు మానేశాను, ఆయన నా నోరు మూశాడు గనుక నేనూ మూసుకుంటాను అన్నట్టు!

ఆ రోజుల్లో ఎక్కడినుంచో ఒక ప్రసంగీకుడు మా ఇంటికి వచ్చాడు. తలమీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. గొంతు రాలేదు. అప్పుడాయన, ఈ ఇంట్లో దాచిన పాపమేదో ఉంది, అది ఒప్పుకుంటే గానీ దేవుడు నోరు తెరవడు అన్నాడు. నేను తల దించుకున్నాను. సుగుణమ్మ దించుకోలేదు.

"అయ్యా, నా మొగుని గొంతులో లేసింది గడ్డ, పాపం గాదు. దాన్ని డాక్టరు కోసి సీసాలో బెట్టింటే నేను కండ్లారా జూసినా. పాపమైతే కత్తికి దొరుకుతాదా? టీ తాగినారు గదా, ఇంగ పోయి రాండి."

సహోదరులారా, ఆమె ఆ మాట అన్నాక నాకు ఎన్నో నెలల తర్వాత నవ్వు వచ్చింది, శబ్దం లేని నవ్వు! ఆ సాయంత్రమే లేచి, మా నాయన పనిచేసిన పాత గని దగ్గరికి నడిచి వెళ్లాను. ఆ రాళ్ల మధ్య నిలబడి, పిడికిళ్లు బిగించి, నా ప్రాణమంతా పెట్టి కేక వేశాను. ఎదుటి పిట్టకు కూడా వినబడలేదు. కానీ నేను అరిచిన ప్రార్థన ఇది:

"ప్రభువా, గొంతు తీసుకున్నావు, తీసుకో. నువ్విచ్చిందే కదా! పని మాత్రం వదలను. నా చేతులు ఉన్నాయి, కళ్లు ఉన్నాయి. నేను స్టోర్లో మేకులు లెక్కపెడుతూ చావడానికి నన్ను బతికించలేదు నువ్వు. నన్ను తరగతిలో నిలబెట్టు, లేదంటే ఎందుకు బతికించావో చెప్పు!"

ఆకాశం నుంచి ఏ స్వరమూ రాలేదు, ఏ వెలుగూ కనబడలేదు, అబద్ధం చెప్పను. కానీ నా గుండెల మీద కూర్చున్న భయం లేచిపోయింది! బైబిల్లో నోరు తిరగని మనిషిని పట్టుకుని రాజు ఎదుట నిలబెట్టిన దేవుడు, తోడుగా ఇంకొకరి నోటిని ఇచ్చిన దేవుడు, నాకు మాత్రం ఎందుకు ఇవ్వడు అనుకున్నాను. ఇంటికి వచ్చి కడుపునిండా సంగటి తిన్నాను.

సెలవు పూర్తికాక ముందే తిరిగి వెళ్లి కల్నల్ ఎదుట నిలబడ్డాను. పలక మీద రాసి చూపించాను, తరగతి ఇవ్వండి అని. ఆయన, ఇంజను తిరిగేటప్పుడు ఒకడు చెయ్యి లోపల పెట్టబోతే ఎలా ఆపుతావు అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నేను మెడలో వేసుకున్న ఈల తీసి ఆఫీసు అదిరేలా ఊదాను! ఈలకు గొంతు అక్కర్లేదు, ఊపిరి చాలు, ఆ ఊపిరి దేవుడు నాకు ఉంచాడు. కల్నల్ చెవులు మూసుకుని, ఒక్క బ్యాచి ఇస్తాను, వాళ్లు చివరి పరీక్షలో తప్పితే మారుమాట లేకుండా స్టోరుకు పోవాలి అన్నాడు.

నా కింద నాయక్ ర్యాంకులో ఖాదర్ వలి అని చిన్న బోధకుడు ఉండేవాడు, మన పులివెందుల మనిషి. నేను పోతే ఆ తరగతి అతనిదే, పై ర్యాంకుకు దారి కూడా అదే. అతనే నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, నీ జాగాలో నేను నిలబడితే నాకు అన్నం దిగదు. నువ్వు పెదాలు ఆడిచ్చు, అరిసే పని నాది. మనది ఒగ జిల్లానే గదా, నీ తిట్లు గూడా నాకు అర్థమైతాయి."

దేవుడు నాకు నోటిని ఇచ్చాడు! అది ముసల్మాను నోరు అని ఇప్పటికీ కొందరు నొసలు ముడుస్తారు. ముడవండి! ఏం అడగాలన్నా పంపినవాణ్ణే అడగండి, నేను మాత్రం స్తోత్రం చెప్పి తీసుకున్నాను.

మొదటి రోజు వెనక వరసలో నవ్వులు. నేను పట్టించుకోలేదు. నవ్వినవాడి చెయ్యి పట్టుకుని తెచ్చి, తిరుగుతున్న ఇంజను మీద పెట్టి, లోపం ఎక్కడుందో ఆ అదురులో తెలుసుకునేదాకా వదల్లేదు. నేను పెదాలు ఆడిస్తే ఖాదర్ హిందీలో పలికేవాడు, నాకంటే ఎక్కువ కోపంగా! నా నోట శబ్దం రాదు గనుక కుర్రవాళ్లు నా చేతుల మీదనుంచి కళ్లు తిప్పేవాళ్లు కాదు. ఇంజనీరు ఆఫీసర్లు కూడా చొక్కా చేతులు మడిచి ఇంజను కింద దూరారు. పరీక్ష రోజు బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి నన్నూ ఖాదర్‌నూ షెడ్డు బయట నిలబెట్టి తలుపు మూయించాడు. లోపల కల్నల్, మా కుర్రవాళ్లు, వాళ్లు బాగుచేయాలని కావాలనే చెడగొట్టిన ఇంజన్లు. మేమిద్దరం ఎండలో, ఎవరి ప్రార్థన వాళ్లం చేసుకుంటూ నిలబడ్డాం. ఒక ఇంజను అందుకుంది, తర్వాత ఇంకొకటి, చివరికి షెడ్డంతా మోగిపోయింది! ఒక్కరూ తప్పలేదు. కల్నల్ బయటికి వచ్చి నాకు తానే ముందు సెల్యూట్ చేశాడు.

అప్పటిదాకా ఆసుపత్రిలో ఒక సిస్టరు నాకు మాట నేర్పుతూనే ఉంది, చంటిపిల్లవాడికి నేర్పినట్టు. ఒకరోజు గొంతులో ఏదో గరగరమని కదిలి మాట బయటపడింది. వెంటనే ఇంటికి ఫోన్ చేశాను.

"ఎవురప్పా నువ్వు?" అంది సుగుణమ్మ.

"నేనే."

"నేనే అంటే ఎవురు? యాడనుంచి మాట్లాడతాండావు?"

"నీ మొగుణ్ణి."

అవతల ఏడుపు. అంత ఏడ్చిన మనిషి, చివర్లో, "గొంతు శానా అధ్వానంగా ఉంది, అయినా మాట్లాడు, ఇంగా మాట్లాడు" అంది. దేవునికే మహిమ!

ఇప్పుడు రిటైరై ఇక్కడే ఉన్నాను. ఈ మందిరం వెనక రేకుల షెడ్డులో, సైన్యంలో సాంకేతిక ఉద్యోగాలకు పోవాలనుకునే మన పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, ఇంజన్లు విప్పడం బిగించడం నేర్పిస్తున్నాను. కమలాపురం నుంచి కూడా వస్తున్నారు. ఖాదర్ కూడా రిటైరై, పులివెందుల నుంచి బస్సెక్కి వచ్చి నాతోపాటు నేర్పిస్తున్నాడు.

గడ్డ మళ్లీ రావచ్చునని డాక్టర్లు అంటున్నారు. రానీయండి! అది నా గొంతును తీసుకుపోగలదు గానీ నన్ను పిలిచినవాణ్ణి తీసుకుపోలేదు. ఇక్కడ ఎవరైనా గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, నీ పని అయిపోయిందని ఎవరైనా మీతో అని ఉంటే, లేవండి! దేవుడితో పోట్లాడాలంటే పోట్లాడండి, ఆయన తట్టుకోగలడు. కానీ ఆయన్ను వదలకండి. రేపు పొద్దున షెడ్డు తలుపు తీసే ముందు ప్రార్థన చేసుకుంటాం, ఎవరైనా రావచ్చు. స్తోత్రం!