పెళ్ళి ప్రకటనలో దగ్గు

మా చెల్లెలు ప్రేమలో పడ్డ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. వంటగదిలోంచి వచ్చే పాటలవల్ల తెలిసింది.

నేను హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యాను. తను నర్సుగా చేసి నిరుడు రిటైరైంది. అమ్మ మంచాన పడ్డప్పుడు చూసుకోవడంలో తన పెళ్ళి వయసు గడిచిపోయింది. నా భార్య పోయాక ఈ మామిడికుదురు ఇంట్లో మేమిద్దరమే. నేను పొద్దున్నే లేచి రేడియోలో వార్తలు వింటాను. వార్తలు అయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక పేపరు, పేపరు అయ్యాక స్నానం. రాత్రి డైరీలో నాలుగు ముక్కలు రాసి పడుకుంటాను. ఈ వరసకి ఏనాడూ ఎవరూ అడ్డం రాలేదు.

అడ్డం వచ్చినాయన మలికిపురంలో ఉంటారు. రిటైరైన బస్సు కండక్టరు. ఆయన భార్య పోయి చాలా ఏళ్ళయింది. మా చర్చి వరండాలో ఆదివారం ఆరాధన అయ్యాక మా చెల్లెలు పెద్దవాళ్ళకి బి.పి. చూస్తుంది. ఆయన ఎవరో చుట్టాలతో ఒకసారి వచ్చి చూపించుకున్నారు. మళ్ళీ వారం వచ్చారు. ఆ పై వారమూ వచ్చారు. ఆయనకి బి.పి. లేదు. ఆ సంగతి మొదటి వారమే ఇద్దరికీ తెలుసు.

తరవాత మా పాత టేప్‌రికార్డరు బాగుచేయిస్తానని పట్టుకెళ్ళి, అది బాగవదని చెప్పి, దాని బదులు కొబ్బరికాయంత స్పీకరొకటి తెచ్చి ఇచ్చారు. నా కష్టాలు అక్కడ మొదలు. దాన్ని నొక్కగానే లోపలినుంచి ఒకావిడ ఇంగ్లీషులో 'కనెక్టెడ్' అని అరుస్తుంది. అప్పుడు వార్తలు చదివేవారి గొంతు నాకు వినపడదు. మలికిపురం నుంచి పొద్దున్నే ఒక పాట ఫోనులోకి వచ్చేది. వానలో తడిసే పాట, పడవ పాట, ఉత్తరం అందలేదని ఏడ్చే పాట. చెల్లెలు దాన్ని స్పీకరులో పెట్టి, అయిపోగానే మళ్ళీ పెట్టేది.

"ఒకసారి విన్నావు కదే. మాటలు మారేయా?" అన్నాను ఒకరోజు.

"నువ్వు రోజూ వార్తలు వినట్లేదా ఏంటి అన్నయ్యా? అవేమన్నా మారేయా?"

ఈ బాధంతా కనిపించినవాళ్ళకల్లా చెప్పుకున్నాను. పాలవాడికి, పక్కింటివారికి, సంఘ పెద్దలకి. నా డైరీ తిరగేస్తే ఆ నెలల్లో వాన, ఎండ అన్న మాట లేదు. అన్నీ పాటలమీద ఫిర్యాదులే.

చివరికి ఇద్దరూ పెళ్ళి చేసుకుంటామన్నారు. నేను 'మంచిది' అన్నాను. పేపరు పేజీ తిప్పాను.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానావారికి ఫలానావారితో వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవలెను, అని చదివి కాస్త ఆగాలి. సంఘం సెక్రటరీగా ఎన్నో ఏళ్ళుగా ప్రకటనలు చదివేది నేనే. ఆ ఆగడం ఒట్టి ఆనవాయితీ. నేను ఊపిరి పీల్చుకుని తరవాతి ప్రకటనకి వెళ్ళిపోతాను. 'ఈసారి వేరే ఎవరిచేతనన్నా చదివించమంటారా మాస్టారండీ?' అని అయ్యగారు అడిగారు. పాస్టరుగారిని మేము అయ్యగారనే అంటాం. అక్కర్లేదన్నాను.

ఆ ఆదివారం పొద్దున వంటగదిలో ఉత్తరం అందని పాట నడుస్తోంది. పొయ్యిమీద పప్పులోకి పోపు. పాటలో ఆవిడకి ఉత్తరం అందేలోపు ఇక్కడ ఎండుమిరపకాయలు బొగ్గయిపోయాయి. ఇల్లంతా ఘాటు. ఇద్దరం కళ్ళు తుడుచుకుంటూ చర్చికి వెళ్ళాం. నా గొంతులో ఆ ఘాటు అలాగే కూర్చుంది.

ప్రకటన చదివాను. మా చెల్లెలి పేరు నా నోటితో నేనే చదివాను. 'అభ్యంతరం ఉంటే' దాకా వచ్చి ఆగాను. ఆగి, ఆడవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చున్న చెల్లెలిని చూశాను. తరవాతి ప్రకటన ఏమిటో గుర్తు రాలేదు. అప్పుడు వచ్చింది దగ్గు. మామూలు దగ్గు కాదు. బల్ల పట్టుకుని దగ్గాను. తల ఎత్తేసరికి సంఘమంతా నన్నే చూస్తోంది.

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో ఇద్దరు సంఘ పెద్దలు వచ్చేశారు. చెల్లెలు కాఫీ తెచ్చి ఇచ్చి తలుపు వెనకే నిలబడింది.

"చెప్పండి మాస్టారండీ," అన్నారు పెద్దాయన.

"ఏం చెప్పాలండీ?"

"అదేనండీ, అభ్యంతరం. తమరు మాటతో చెప్పకపోయినా మాకు అర్థమయ్యింది లెండి."

"అభ్యంతరం ఏంటండీ బాబూ! అది దగ్గు!"

"ఆయ్, దగ్గేనండీ. కానీ ఎందుకు దగ్గేరు అని."

"పోపు మాడిందండీ!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండో ఆయన ఎంతో మర్యాదగా, "పోపు మాడితే పెళ్ళి ఆపేస్తారాండీ? కొత్తలో మా ఆవిడ అన్నమే మాడ్చేదండీ," అన్నారు.

"ఆ పాటలంటే తమరికి పడదు కదండీ, మాకు తెల్సు. నాలుగు నెలలుగా చెప్తానే ఉన్నారు," అన్నారు పెద్దాయన. "అభ్యంతరం వచ్చిందంటే అది తేలేదాకా రెండో ప్రకటన చదవకూడదని అయ్యగారు అంటున్నారండీ. వారంలోగా ఆలోచించుకోండి."

ఎంత మొత్తుకున్నా నమ్మలేదు. నేను దగ్గు అన్నకొద్దీ వాళ్ళు నాపై జాలి పడుతున్నారు. వాళ్ళు వెళ్ళాక చెల్లెలు కప్పులు తీస్తూ అంది.

"దగ్గు సంగతి నాకు తెల్సులే అన్నయ్యా. పోపు మాడ్చింది నేనే కదా. దగ్గుకి ముందు ఎందుకు ఆగేవు?"

"ఆగాలి కదే. ఆగడం పద్ధతి."

"అంతసేపు ఆగడం పద్ధతి కాదు. ఇన్నేళ్ళూ నువ్వు చదవడం వింటానే ఉన్నాను."

కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పాట లేదు. ఆ మర్నాడూ లేదు. మలికిపురం నుంచి ఆయన పంపడం మానేశారో, వచ్చినా తను పెట్టడం లేదో నేను అడగలేదు. స్పీకరు ఉప్పు డబ్బా పక్కన గోడకి తిరిగి కూర్చుంది. వార్తలు ఒక్క అక్షరం పోకుండా వినిపించాయి. పప్పులో పోపు దోరగా, వంక పెట్టడానికి లేకుండా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పాట ఉంటే ఒక చిరాకు, లేకపోతే అంతకి రెట్టింపు చిరాకు. ఈ ఇంట్లో మనిషి ప్రశాంతంగా విసుక్కునే వీలు కూడా లేకుండా పోయింది.

గురువారం సాయంత్రం తను గుమ్మంలో బియ్యం చెరుగుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఎలా ఉంటుందో అని ఆగేను. నువ్వు వెళ్ళద్దని కాదు," అన్నాను.

తను చాట ఆపలేదు. "ఆ ముక్క నాకు చెప్తే ఏం లాభం? దగ్గింది సంఘం ముందు కదా," అంది. మళ్ళీ తనే, "మలికిపురం ఏమన్నా సముద్రం అవతల ఉందా? బస్సెక్కితే వచ్చేస్తాను. కండక్టరు మనవాడే," అంది.

నేను ఆ రాత్రే అయ్యగారి దగ్గరికి వెళ్ళి రెండో ప్రకటన పెట్టించాను.

ఆదివారం దగ్గు రాకుండా బుగ్గలో కరక్కాయ ముక్క పెట్టుకుని వెళ్ళాను. పోపు వెయ్యొద్దని ముందే చెప్పాను కనక ఆ రోజు చప్పటి పప్పే. మలికిపురం ఆయన కూడా వచ్చి మగవాళ్ళ వైపు చివరి బెంచీలో తల వంచుకుని కూర్చున్నారు. పాపం, ఆ వారం ఆయన నిద్ర పోయినట్టు లేదు.

కాగితం తియ్యకముందే చెప్పాను: "పోయిన వారం నాకు వచ్చింది దగ్గు. అభ్యంతరం కాదు. నా చెల్లెలి పెళ్ళి నాకు సంతోషం." కరక్కాయ వల్ల సగం మాటలు తేలలేదు. వెనకనుంచి ఎవరో, "వినపడలేదు మాస్టారండీ," అన్నారు. కరక్కాయ చేతిలోకి తీసుకుని, "సంతోషం అన్నానండీ, సంతోషం!" అని గట్టిగా అరిచాను. అంత కోపంగా ఆ మాట ఆ చర్చిలో ఎవరూ అని ఉండరు.

తరవాత ప్రకటన చదివి ఆగాను. ఎంతసేపు ఆగాలో అంతే ఆగాను.

చివరి బెంచీలోంచి దగ్గు వినపడింది. మలికిపురం ఆయన. మొహం ఎర్రగా కందిపోయి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నారు. చెల్లెలు వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆ దగ్గు సగంలో ఆగిపోయింది.

"మీకేవన్నా అభ్యంతరమాండీ?" అన్నాను కాగితంమీంచి.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు. "లేదండీ బావగారూ! పొలమారిందండీ, అంతే!"

చర్చి అంతా నవ్వింది. అయ్యగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. ఆయన నన్ను బావగారు అనడం అదే మొదటిసారి. నేను తరవాతి ప్రకటనకి వెళ్ళిపోయాను.

సోమవారం పొద్దున వార్తలు మొదలవగానే వంటగదిలో ఆ ఇంగ్లీషావిడ 'కనెక్టెడ్' అని అరిచింది. మళ్ళీ అదే పాట, ఉత్తరం అందనిది. రేడియో గొంతు పెంచాను. అక్కడ చెల్లెలూ పాట పెంచింది. చివరికి నేనే రేడియో కట్టేసి, "ముందు పోపు చూడవే తల్లీ!" అని కేక వేశాను.