పైకెక్కని కిడ్నీ

మట్టెవాడలో యాకమ్మ గిర్నికి మిర్చి పట్టించుకోవడానికి వచ్చేవాళ్లెవరూ సంచి అప్పజెప్పి వెళ్లరు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్లు కారుతున్నా సరే, తమ కారం తమ డబ్బాలో పడేదాకా అక్కడే నిలబడతారు. ఎర్రటి చపాట మిర్చి పోసి పక్కకు పోతే, తిరిగొచ్చేసరికి ఏ నాసిరకం కారమో అంటగడుతుందని భయం. ఏళ్ల తరబడి గిర్ని నడుపుతున్న యాకమ్మకు ఈ కాపలా చూస్తే ఒళ్లు మండేది. "నేనేమన్న దొంగనా?" అని మొహం మీదే అడిగేది. అలాగని ఆవిడేం తక్కువ తినలేదు. కూరగాయల తక్కెడను నమ్మదు, కరెంటు మీటరును నమ్మదు, కూతురు సుభాషిణి చాయ్‌లో చక్కెర వేశానంటే ఓ గుక్క తాగిగానీ నమ్మదు.

కాపలా కాయని మనిషి ఒక్కడే ఉన్నాడు. నెక్కొండ దగ్గర వ్యవసాయం చేసుకునే తమ్ముడు వెంకటయ్య. ఏటా ఎండాకాలం సంచి గుమ్మంలో దింపి, "అక్కా, పట్టి పెట్టు, చాయ్ తాగొస్త" అని వెళ్లిపోయేవాడు. ఆ ఒక్క మాటకు యాకమ్మ కడుపు నిండేది.

ఈసారి ఎండలు ముదరకముందే ఆమెకు కడుపునొప్పి పట్టుకుంది. కూతురు బలవంతాన స్కానింగ్‌కు తీసుకెళ్లింది. పొట్ట మీద చల్లటి జిగురు రాసి చూసిన డాక్టర్ స్నేహలత, నొప్పికి కారణం పిత్తాశయంలో రాయి అని తేల్చింది. అక్కడితో ఊరుకోకుండా ఎడమవైపు మళ్లీ మళ్లీ చూసింది.

"ఈ పక్క కిడ్నీ ఉండాల్సిన చోట కనబడ్తలేదమ్మా. ఇంతకుముందు ఏమన్న ఆపరేషన్ అయిందా?"

అయింది. భర్త పోయిన కొత్తలో గర్భసంచి తీయించారు. దవాఖాన చూసింది, సంతకం పెట్టింది, బయట కూర్చున్నది అన్నీ వెంకటయ్యే. ఆ మరుసటి ఏడే అతను ట్రాక్టర్ కొన్నాడు.

"సీటీ స్కాన్ తీస్తే తెలుస్తది, అప్పటిదాకా ఫికర్ పెట్టుకోకు" అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. ఆ మాటలు యాకమ్మ చెవికెక్కలేదు. ఆమె మనసు అప్పటికే ట్రాక్టరెక్కి కూర్చుంది.

ఇంటికొచ్చాక పాత సంగతులన్నీ కొత్తగా గుర్తొచ్చాయి. ఆపరేషనయ్యాక తమ్ముడు అన్ని పండ్లు ఎందుకు మోసుకొచ్చాడు? ట్రాక్టర్‌కు పూజ చేసిన రోజు మొదటి కొబ్బరికాయ తనతోనే ఎందుకు కొట్టించాడు? ప్రేమ అనుకున్నవన్నీ నోరు మూయించే ఎత్తుల్లా కనబడసాగాయి. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

"అమ్మా, కిడ్నీ తీస్తే నడుం పక్కన కోత ఉండాలె గదా. నీకు పొత్తికడుపు మీదనే ఉన్నది" అంది సుభాషిణి.

"నీకేం దెల్సు? తీసేటోళ్లు ఎట్లనన్న తీస్తరు."

అక్కకు బాగాలేదని తెలిసి, సీటీకి ముందురోజు వెంకటయ్య రానే వచ్చాడు. భుజం మీద మిర్చి సంచి ఉంది. గిర్ని ముందు జనం ఉన్నారు.

"నొప్పెట్లున్నదక్కా?"

యాకమ్మ గిర్ని ఆపేసింది. "నొప్పి సంగతి తర్వాత. నా కిడ్నీ ఏం జేసినవ్ రా?"

అతనికి అర్థం కాలేదు. ఆమె అందరి ముందే అర్థమయ్యేట్టు చెప్పింది, ట్రాక్టర్‌తో సహా. "నిన్ను అమ్ముకుంటనా అక్కా?" అన్నాడు వెంకటయ్య. "రేపు సీటీకి నేను గూడ వస్త."

"నువ్వు రావద్దు. నువ్వు వచ్చిననాడే పోయింది."

అతను దించిన సంచి మళ్లీ భుజానికెత్తుకుని రైల్వే స్టేషన్ దారి పట్టాడు.

మర్నాడు సీటీ అయ్యాక స్నేహలత తెర మీద బొమ్మ చూపించింది. "ఇది నాదేనా డాక్టరమ్మా? వేరేటోళ్లది చూపిస్తలేరు గదా?" అని యాకమ్మ తన పేరు కూతురితో చదివించుకుంది. డాక్టర్ నవ్వి, కింద తుంటి ఎముకల మధ్య చిక్కుడుగింజ ఆకారం మీద వేలు పెట్టింది.

"ఇగో నీ ఎడమ కిడ్నీ. తల్లి కడుపుల ఉన్నప్పుడు కిడ్నీలు కిందనే తయారైతయి, మెల్లగ పైకెక్కుతయి. నీది ఎక్కలే. మొన్న పేగుల గ్యాస్ అడ్డమొచ్చి కనబడలే. మంచిగనే పనిచేస్తున్నది. ఇగ ముందు ఎప్పుడు ఆపరేషనైనా ఈ సంగతి చెప్పాలె, అంతే."

"ఎవరు తియ్యలేదా?"

"పుట్టినకాడ్నుంచి ఆడనే ఉన్నదమ్మా."

కిడ్నీ దొరికినందుకు సంతోషించాల్సిన మనిషి అక్కడే కూలబడి ఏడ్చింది. బయటికొచ్చి తమ్ముడికి ఫోన్ చేసి, తప్పయిందని చెప్పింది. "పోనియ్ అక్కా, నువ్వు మంచిగుంటె చాలు" అన్నాడు వెంకటయ్య. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఎండలు ముదిరాక అతను మళ్లీ సంచితో వచ్చాడు. యాకమ్మకు ప్రాణం లేచొచ్చింది. వరుసలో ఉన్నవాళ్లను ఆపి, తమ్ముడి మిర్చి ముందు పోసింది.

"జర పోయి చాయ్ తాగి రారాదూ తమ్మీ."

వెంకటయ్య మెడలోని తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకున్నాడు.

"ఉంటలే అక్కా."

కళ్లనీళ్లు కారుతున్నా కదలలేదు. తన కారం తన డబ్బాలో పడేదాకా అందరిలాగే నిలబడ్డాడు. అందరినీ మొహం మీదే అడిగే మాట, నేనేమన్న దొంగనా అని, తమ్ముణ్ని అడగడానికి యాకమ్మకు నోరు రాలేదు.