మా జట్టు కొండెక్కిన వైనం

ఈ లోకంలో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ లేని రోజులు కొన్ని ఉండేవి. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, చెన్నైలో ఆరు వారాల ఫుట్‌బాల్ కోచింగ్ కోర్సు ఒకటి చేసి, మెడలో విజిల్, చంకలో లావుపాటి నోటుబుక్కుతో చిత్తూరు బస్టాండులో దిగాను. ఆ ఆరు వారాల్లో నాలుగు వారాలు వానలు పడి మమ్మల్ని మైదానంలోకే దిగనివ్వలేదన్న సంగతి ఇంట్లో చెప్పలేదు (ఇప్పటికీ చెప్పలేదు, అమ్మకు ఇది చదివితేనే తెలియాలి). ఆట మొత్తం గదిలో కూర్చుని బోర్డు మీద నేర్చుకున్నాను. బోర్డు మీద నా జట్టు ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

ఊళ్లో ఉన్న జట్టు సంగతి వేరు. దాన్ని ముప్పై ఏళ్లుగా నడుపుతున్నది రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారు. ఊరంతా ఆయన్ని పెద్దసారు అనేవాళ్లు. ఒకప్పుడు గట్టి జట్టే అంటారు. నేను చేరేనాటికి మాత్రం ఆ ఏడాది ఆడిన మ్యాచ్‌లన్నీ ఓడిపోయి, ఒక్కటి మాత్రం ఎదుటి జట్టు బస్సు చెడిపోయి రాలేకపోవడం వల్ల గెలిచి, పట్టికలో అడుగు నుంచి రెండో స్థానంలో ఊగులాడుతూ ఉంది. మిగిలింది ఒకే ఒక్క మ్యాచ్, తిరుపతిలో. అది గెలవనక్కర్లేదు, సమానంగా ముగిసినా చాలు, పై డివిజన్‌లో నిలబడతాం. ఓడితే కింది డివిజన్‌లోకి పడిపోతాం. "నాకు మోకాళ్లు పోయినాయబ్బా. కొత్త సంగతులు నువ్వే సెప్పాల పిల్లోళ్లకు" అని పెద్దసారు నన్ను చేర్చుకున్నారు. తన ఆశ అంతా పద్నాలుగు మంది కుర్రాళ్ల మీద, వాళ్ల తర్వాత నా మీద పెట్టుకున్నారు. ఆ బరువు నాకప్పుడు బరువనిపించలేదు, బిరుదులా అనిపించింది.

కుర్రాళ్లందరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ల వాళ్లు. మామిడికాయల మండీలో బుట్టలు మోసేవాళ్ల పిల్లలు, కోర్టు దగ్గర టైపు కొట్టేవాళ్ల పిల్లలు, దర్జీల పిల్లలు. ముగ్గురి గురించి చెబితే చాలు. కెప్టెన్ పేరు లాయరు. కోర్టు గుమాస్తా కొడుకు, టాస్ ఓడిపోయినా వాదించేవాడు. గోల్‌కీపర్ బొండా. పేరులోనే ఆకారం ఉంది. మూడోవాడు మెయిలు, బంతి దొరికితే రైలులాగా వెళ్లేవాడు, కానీ ఎక్కడ ఆగాలో వాడికి తెలియదు. పద్నాలుగు మందికీ ఉన్న ఉమ్మడి జబ్బు జుట్టు. పక్కల గీయించి, పైన కుప్పపోసి, దానికేదో జిగురు రాసి, అద్దంలా మెరిపించుకుని వచ్చేవాళ్లు. బంతి గాల్లో వస్తే తలతో కొట్టాల్సిన వాళ్లు క్రాపు చెదురుతుందని తల పక్కకు తిప్పేసేవాళ్లు. "తలకాయ ఉండేది దానికే గదరా!" అని పెద్దసారు గొంతు పోయేలా అరిచేవారు. జుట్టు మాత్రం కదిలేది కాదు.

తిరుపతి బయల్దేరే ముందు రోజు నేను వాళ్లను మైదానం మధ్యలో గుండ్రంగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. విదేశీ కోచ్‌లు గదిలో తలుపులు వేసుకుని జట్టును ఏడిపించే వీడియోలు ఫోన్లో చూసి, మూడు రాత్రులు బట్టీపట్టిన ఉపన్యాసం అది. "ఈ మ్యాచ్ కోసం మీరేమిస్తారు? మీకు అన్నిటికంటే ఇష్టమైంది ఏదుందో, అది ఇయ్యగలరా?" అని గొంతు వణికించి అడిగాను. బొండా కళ్లు తుడుచుకున్నాడు. (చెమట అని తర్వాత చెప్పాడు. నేను నమ్మలేదు.) లాయరు కూడా ఎదురు మాట్లాడలేదు. ఇంత గొప్పగా పనిచేస్తుందని నేనూ అనుకోలేదు.

నా రెండో ఘనకార్యం స్టామినా. మ్యాచ్ ఆదివారం పొద్దున పదింటికి. శనివారమే తిరుపతి చేరి, అలిపిరి నుంచి కొండ మెట్లన్నీ ఎక్కిస్తే ఊపిరితిత్తులు ఉక్కవుతాయని నోటుబుక్కులో రాసుకున్నాను. మ్యాచ్‌కు ముందు రోజు కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలన్నది ఆ వానపడిన నాలుగు వారాల పాఠమై ఉంటుంది. అందరికంటే ముందు నేనే విజిల్ ఊదుకుంటూ ఎక్కడం మొదలుపెట్టాను. గాలిగోపురం దగ్గర విజిల్ ఊదడానికి గాలి మిగల్లేదు. పిక్కలు రెండూ బిగుసుకుపోయి మెట్టు మీద కూలబడ్డాను. ఎనభై ఏళ్ల అవ్వ ఒకామె నా పక్కనుంచి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ పైకి వెళుతూ, "మెల్లిగా రా నాయనా, సామి యాడికీ పోడు" అని ధైర్యం చెప్పింది. నేను కుర్రాళ్లతో, "మీరు పైదాకా పోండి, నేను కింద వ్యూహం చూసుకుంటా" అని చెప్పి, పిట్టగోడ పట్టుకుని దిగి, బసలో వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

సాయంత్రానికి వాళ్లు రాలేదు, రాత్రికీ రాలేదు. ఫోన్ చేస్తే ఒక్కరిదీ పలకలేదు. దర్శనానికి వెళుతూ ఫోన్లు కౌంటర్లో పెట్టేసి ఉంటారని సరిపెట్టుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి మైదానం గేటు దగ్గర నేనొక్కణ్నే నిలబడి ఉన్నాను. అవతలి జట్టు అప్పటికే ఒళ్లు వేడెక్కించుకుంటోంది. చిత్తూరు బస్సు దిగి పెద్దసారు నడుచుకుంటూ వచ్చారు.

"పిల్లోళ్లు యాడ?" అన్నారు.

"కొండమీద సార్."

"మ్యాచి యాడ?"

"ఈడే సార్."

ఆయన పక్కనున్న సిమెంటు దిమ్మె మీద మెల్లిగా కూర్చున్నారు. పది నిమిషాలు తక్కువ పదికి రెండు జీపులు వచ్చి గేటు ముందు ఆగాయి. నున్నటి గుండ్లతో, వాటి నిండా పచ్చటి గంధంతో, చేతుల్లో లడ్డూ సంచులతో యాత్రికులు బిలబిలమని దిగి నేరుగా నా మీదికి వచ్చారు. నేను చేతులు జోడించి, "సామీ, రొంత పక్కకు నిలబడండి. మా టీం వస్తా ఉండాది" అన్నాను.

ముందున్న గుండు నా వైపు జాలిగా చూసి, "అన్నా, మేమేనన్నా" అంది.

గొంతు లాయరుది. నేను ఆ గొంతు ఎక్కడి నుంచి వస్తోందా అని చుట్టూ చూశాను. తర్వాత ఒక్కొక్క మొహమూ చూసుకుంటూ వెళ్లాను. కనుబొమ్మల కింద మా కుర్రాళ్లు, పైన ఎవరో. పద్నాలుగు మందిలో ఒక్కడంటే ఒక్కడికి వెంట్రుక లేదు. "ఏందిరా ఇది?" అన్నది నేనేనని తర్వాత తెలిసింది.

"నువ్వే గదన్నా అడిగినావు, అన్నిటికంటే ఇష్టమైంది ఇయ్యమని" అన్నాడు మెయిలు, తల నిమురుకుంటూ. "ఇచ్చేసినాం."

పెద్దసారు లేచి వచ్చి ఆ తలలన్నిటినీ వరసగా చూశారు. చివరికి నా తల దగ్గర ఆగి, "నీది మాత్రం అట్లనే ఉండాదే!" అన్నారు.

మ్యాచ్ మొదలైన తర్వాత అసలు కష్టం బయటపడింది. మెట్లెక్కిన కాళ్లు మడత పడటం లేదు. మావాళ్లు పరుగెత్తుతుంటే పదకొండు నిచ్చెనలు నడుస్తున్నట్టుంది. ఇరవయ్యో నిమిషంలో గోలు తిన్నాం. అయితే అవతలివాళ్లకూ ఒక చిక్కు వచ్చిపడింది. మెయిలును వదలకుండా అంటుకుని తిరగమని వాళ్ల కోచ్ ఒకణ్ని పెట్టాడు. వాడు పాపం సగం ఆట వేరే గుండు వెనక తిరిగాడు. రిఫరీ పరిస్థితీ అదే. మా చొక్కాల మీద నంబర్లు ఉతికి ఉతికి ఊడిపోతున్నాయి. లాయరు నంబరు ఎనిమిది. ముందువైపు బాగానే ఉంది, వీపు మీద మాత్రం సగం ఊడి మూడులా కనబడుతుంది. మొదటి సగంలో వాడు రిఫరీతో వాదించినందుకు పసుపు కార్డు తెచ్చుకున్నాడు. వాడు తిరిగి వెళుతుంటే రిఫరీ వాడి వీపు చూసి మూడు అని రాసుకున్నాడు. రెండో సగంలో ఎవడినో కాలు అడ్డుపెట్టి పడేసి ఇంకో కార్డు తెచ్చుకున్నాడు. ఈసారి రిఫరీ ఎదురుగా ఉన్నాడు, ఎనిమిది అని రాసుకున్నాడు. రెండు కార్డులైతే బయటికి పంపించాలి. ఆయన లెక్కలో ఇద్దరు గుండ్లకు చెరొకటి. లాయరు తన జీవితంలో మొదటిసారి ఏమీ వాదించకుండా తలవంచుకుని మళ్లీ ఆటలోకి వెళ్లిపోయాడు. నేను బెంచి మీద కూర్చుని లోలోపల గంతులు వేస్తున్నాను.

ఇంకా పదిహేను నిమిషాలుందనగా మాకు కార్నర్ దొరికింది. గోలు పక్క మూల నుంచి కొట్టే బంతి అది, తలతో కొడితేనే పని జరుగుతుంది. మావాళ్లు తల పెడతారన్న ఆశ నాకు లేదు. కానీ ఆ రోజు కాపాడుకోవడానికి తల మీద ఏముంది? గాల్లో వచ్చిన బంతి మీదికి నాలుగు గుండ్లు ఒకేసారి లేచాయి. అందరికంటే పొట్టివాడు మెయిలు. బంతి వాడి గంధం మీద పడి, జర్రున జారి, ఎవరూ ఊహించని వైపుకు తిరిగి, గోల్‌కీపర్ చంక కింది నుంచి వలలో పడింది. మెయిలు కళ్లు మూసుకునే ఉన్నాడు. "యాడికి పోయిందిరా?" అని అడిగాడు. ఒకటి, ఒకటి. నేను పెద్దసారును వాటేసుకున్నాను. ఆయన కళ్లజోడు నా చొక్కా గుండీకి చిక్కుకుంది.

దాన్ని విడదీసుకుంటూ ఉండగానే అవతలి కెప్టెన్ రిఫరీ దగ్గరికి పరుగెత్తాడు. రెండు కార్డులూ ఒకడికేనని, వాణ్ని ఇంకా ఆడనిస్తున్నారని గోల. రిఫరీ పుస్తకం చూసుకున్నాడు, గుండ్లు చూసుకున్నాడు, పుస్తకం మళ్లీ చూసుకున్నాడు. చివరికి మా బెంచి దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, మీరే సెప్పండి. రెండు కార్డులూ ఒకనివేనా?" అని అడిగాడు. నేను పెద్దసారు మోచేతిని గట్టిగా నొక్కాను. ఆయన కళ్లజోడు సరిగ్గా పెట్టుకుని, చెయ్యి చాచి, లాయరును చూపించారు.

"ఆ ఎనిమిదో నంబరు వానివే సార్, రెండూ."

లాయరు నిలబడ్డచోటే నిలబడి పెద్దసారు వైపు చూశాడు. కోపం లేదు, నమ్మలేకపోతున్నాడంతే. గోలు గోలే, వాడు మాత్రం బయటికి వెళ్లాలి అన్నాడు రిఫరీ. మిగిలిన పదిమంది మడతపడని కాళ్లతో పదకొండు నిమిషాలు అడ్డుపడ్డారు. పాకారు, దొర్లారు, ఒకడు కూర్చునే బంతిని తన్నాడు. ఇంకా నాలుగు నిమిషాలుందనగా బంతి బొండా కుడివైపుకు వచ్చింది. వాడు దూకాలనుకున్నాడు. మోకాలు వంగలేదు. వేరుతో సహా కూలిన కొబ్బరిచెట్టులా నిలువునా పక్కకు పడ్డాడు, బంతి వాడి మీదుగా వలలోకి వెళ్లిపోయింది. ఓడిపోయాం. కింది డివిజన్‌లోకి పడిపోయాం.

చిత్తూరు బస్సులో బొండా ఏడుస్తూ లడ్డూ తిన్నాడు. పాకాల దాటాక ఉండబట్టలేక పెద్దసారు పక్కన కూర్చుని అడిగేశాను. "ఒక్క మాట మింగేసి ఉంటే నిలబడేవాళ్లం గద సార్. పిల్లోళ్లు ఏమనుకుంటారు?"

"లాయరు బోటోడు రేపు నిజంగానే లాయరైతాడబ్బా" అన్నారు ఆయన, కిటికీలోంచి చూస్తూ. "అబద్ధం సెప్తేనే నిలబడతాం, మా సారే సెప్పినాడు అని యాడంటే ఆడ వాదిస్తాడు. నాకు బయమేస్తాది."

నాకు నవ్వు రాలేదు. "నేను మానేస్తాను సార్. నాకీ పని చేతగాదు" అన్నాను. నిజంగానే అన్నాను.

"నువ్వెట్ల మానేస్తావు? మానేస్తా ఉండేది నేను." జేబులోంచి మైదానం షెడ్డు తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. "రేపు ఐదున్నరకు నువ్వే తెరువు."

ఆ రోజు నేను చూసిన గుండ్లన్నీ ఒక ఎత్తు, ఆ తాళంచెవి ఒక ఎత్తు. మెట్ల దారిలో సగంలో కూలబడినవాడికి, మ్యాచ్ ముందు రోజు జట్టు కాళ్లు విరగ్గొట్టినవాడికి ఇదెందుకు ఇస్తున్నారో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను.

"ముప్పై ఏండ్లు గొంతు సించుకున్నా. నా మాట విని గోళ్లు కత్తిరించుకున్నోడు ల్యాడు" అన్నారు పెద్దసారు. వెనక సీట్లలో ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతున్న పద్నాలుగు తలలను చూపించారు. "నువ్వు ఒక్కసారి అడిగినావు, ఇచ్చేసి వచ్చినారు. ఇంగ ఏమడగాలో నేర్చుకో. అదొక్కటే నీకు తక్కువ."

మర్నాడు ఐదున్నరకు వెళ్లి షెడ్డు తెరిచాను. ఎవరూ రారనుకున్నాను. ఒక్కొక్కడే కుంటుకుంటూ వచ్చాడు, లాయరు కూడా. నోటుబుక్కులో ఆ రోజుకు రెండు పేజీల పథకం రాసి ఉంది. దాన్ని మూసేసి, "అందరూ పండుకోండిరా" అన్నాను. ప్రధాన కోచ్‌గా నా మొట్టమొదటి ఆదేశం అది. వాళ్లు పచ్చిక మీద వెల్లకిలా పడుకున్నారు. నా పిక్కలూ ఇంకా సలుపుతూనే ఉన్నాయి గనుక నేనూ వాళ్ల మధ్య పడుకున్నాను. గంటసేపు ఆకాశం చూడటం తప్ప ఏమీ సాధన చేయలేదు. ఆ గంటలో మెయిలు, "అన్నా, వచ్చే ఏడు కప్పు మనదేనా?" అని అడిగాడు. "ఇంకెవరిదిరా?" అన్నాను. (మనది కాలేదు. కింది డివిజన్‌లో నాలుగో స్థానం. పైకి రావడానికి ఇంకో రెండేళ్లు పట్టింది.) ఆ తర్వాత ఎన్నో వందల ఉదయాలు ఆ మైదానంలో సాధన చేయించాను. నిజంగా ఆట తెలిసిన తర్వాత చేయించినవే అన్నీ. అయినా, చేతిలో ఏ విద్యా లేకుండా, ఓడిపోయిన మర్నాడు పచ్చిక మీద పడుకుని, అంత గట్టిగా, అంత అనుమానం లేకుండా "ఇంకెవరిదిరా" అనగలిగిన ఆ ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడప్పుడు కొంచెం అసూయ కూడా.