వేలు పట్టని ట్యాబ్

పరీక్ష ట్యాబుల మీద అని ముందే తెలిసి ఉంటే ఎవరి ఫోనైనా అడుక్కుని అలవాటు చేసుకునేదాన్ని. మా ఇంట్లో ఉండేది బొత్తాల ఫోను. తర్లుపాడు దగ్గర మా బడిలో ఉన్నవి పాత కంప్యూటర్లు. వాటి మీద తొమ్మిదో తరగతిలో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకు చెప్పడం లేదు, మిగతావాళ్లకు మౌస్ పట్టుకుంటేనే చెమటలు పట్టేవి.

పిల్లలకు కంప్యూటర్ ఎంత వచ్చో చూసే పరీక్ష అది. నెగ్గితే వేసవి సెలవుల్లో మార్కాపురంలో ఉచితంగా శిక్షణ. "సీటొస్తే పంపిస్తా. రాకుంటే సెలవులంతా నాతోపాటు పలకల ఫ్యాక్టరీకి రావాల్సిందే," అని నాయన చెప్పినాడు. ఆయన ఏదీ రెండోసారి చెప్పడు. అప్పటికే సాయంత్రాలు ఇంటి దగ్గర పలకల అంచులు ఉప్పుకాగితంతో రుద్దేది నేనే.

పరీక్ష రోజు ట్యాబులో మొదటి ప్రశ్న చూసి నవ్వొచ్చింది, అంత తేలిక. జవాబు మీద వేలు పెట్టాను. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. పక్క వేలితో నొక్కాను. ఊహూఁ. పైన మూలలో సమయం మాత్రం తరిగిపోతోంది. పక్కనున్న పిల్ల అప్పుడే నాలుగో ప్రశ్నలో ఉంది. దానికి కంప్యూటర్ నేర్పిందే నేను.

పరీక్ష పెట్టడానికి వచ్చిన సార్ నా వెనక ఆగాడు. "ఏంటమ్మా, ముట్టుకోవడం కూడా రాదా?"

"వచ్చు సార్. నా వేలు దీనికి పట్టడం ల్యా. వేరేది ఇయ్యండి."

ఆయన వేలు పెట్టగానే తెర చక్కగా జరిగింది. "బాగానే ఉందిగా," అనేసి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పుడు రేషన్ దుకాణం గుర్తొచ్చింది. అక్కడి మిషను నాయన వేలిముద్రను ఒక పట్టాన తీసుకోదు. పలకరాయి ఆ గీతల్ని ఎప్పుడో అరగదీసింది. ఆయన వేలు నాలుకకు తాకించి మళ్లీ పెడతాడు. నేను సిగ్గుతో అటు తిరిగేదాన్ని. ఇప్పుడు నేనూ వేలు తడిచేసుకుని పెట్టాను. జవాబు రంగు మారింది. ఇంక ప్రతి ప్రశ్నకూ అదే పని. ఎవరు చూసినా సరే అనుకున్నాను. సగం దాటానో లేదో, సమయం అయిపోయి తెర మూసుకుపోయింది.

ఫలితాల్లో నాకు వచ్చింది అన్నింటికంటే కింది స్థాయి. సీటు లేదు. ఆ సాయంత్రం రుద్దాల్సిన పలకలు ముందేసుకుని నాయనకు అంతా చెప్పాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను.

ఆయన నా చెయ్యి తీసుకుని గట్టిపడిన వేళ్ల కొసలు తడిమి చూశాడు. చాలాసేపు వదల్లేదు.

"మళ్లా ఎప్పుడు పెడతారంట ఆ పరీక్ష?"

"వచ్చే ఏడు."

"అయితే ఇంక ఇవి ముట్టుకోవాకమ్మా. అప్పటికి వేళ్లు మెత్తబడాల."

"సెలవుల్లో ఫ్యాక్టరీకి?"

పొద్దంతా ఫ్యాక్టరీలో పనిచేసి వచ్చిన మనిషి, నా ముందున్న పలకలు తనవైపు లాక్కుని రుద్దడం మొదలుపెట్టాడు.