తడిగుడ్డ కింద వదిన

మొన్న రావులపాలెం నుంచి కొత్తపేట వస్తుంటే మా ఆటో ముందు ఓ మినీ లారీ వెళుతోంది. అందులో గోనెపట్టాలు చుట్టి, తాళ్ళతో బిగించిన నిలువెత్తు విగ్రహం. ముఖానికి మాత్రం పాత చీర ముక్క చుట్టారు. గాలికి దాని కొస ఎగిరినప్పుడల్లా కింద ఎవరున్నారా అని మెడ చాచాను. “ఎవరో నాయకుడై ఉంటారండీ, ఆయ్,” అన్నాడు ఆటో అతను. నాయకుడైతే నాకేం, కాకపోతే నాకేం. గుడ్డ కింద ముఖం అనేసరికి మా పెద్దమావయ్య షెడ్డు గుర్తొచ్చి, దిగాల్సిన చోటు దాటి చాలా దూరం వెళ్ళిపోయాను.

పెద్దమావయ్య, అంటే అమ్మ అన్నగారు, కొత్తపేటలో విగ్రహాలు చేసేవారు. మద్రాసులో ఆ విద్య చదువుకుని వచ్చిన మనిషి. అక్కడి మాస్టారొకరు ఇచ్చిన విదేశీ పుస్తకంలోంచి ఒక పేజీకి అద్దం కట్టించి గోడకి తగిలించుకున్నారు. తల కాస్త వంచి, పెదాలు మూసుకుని, ఏ చింతా లేనట్టున్న పాలరాతి అమ్మాయి. చెక్కినాయనది ఫిన్లాండట. ఏడాదిలో సగం మంచులో ఉండే దేశంలో పేదింట పుట్టి, రోము నగరం చేరి, పాతకాలపు గ్రీకు విగ్రహాల్లాంటి ప్రశాంతమైన ముఖాలు చెక్కి, ముసలితనం రాకుండానే అక్కడే పోయాడట. ఆయన పేరు మావయ్య నోట రోజుకో రకంగా పలికేది. సరిదిద్దడానికి మాకు మాత్రం ఏం తెలుసు! “నవ్వూ ఏడుపూ వచ్చిపోయేవే. అవి పోయేక మిగిలే ముఖాన్ని పట్టుకున్నాడమ్మా ఆ మహానుభావుడు,” అనేవారు. విగ్రహాలు చేయించుకునేవాళ్ళకేమో మీసం మెలి తిరగాలి, చెయ్యి పైకెత్తాలి, కళ్ళజోడు తప్పనిసరి. మావయ్య అన్నీ చేసిపెట్టి, చివర్లో నుదుటి మీది ముడతలు గుట్టుగా సర్దేసేవారు. మా చుట్టుపక్కల కూడళ్ళలో నిలబడ్డ పెద్దమనుషులంతా బతికున్నప్పటికన్నా శాంతంగా కనబడటానికి కారణం అదే.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటుండేది. బంకమట్టితో ముఖం దిద్దుతున్నంత కాలం పోయినవాళ్ళ ఇంటివాళ్ళు దాన్ని చూడకూడదు. పూర్తయ్యాక మావయ్యే కబురు పెడతారు. వాళ్ళు చూసి, మా మనిషే అన్నాకే అచ్చు తీస్తారు. అందాకా మట్టి ఎండిపోకుండా తడిగుడ్డ కప్పి ఉంచాలి.

మావయ్య ఒక్కగానొక్క కూతురు, మా వదిన, ఇంటర్ చదువుతూ పచ్చకామెర్లతో పోయింది. వదిన నవ్వితే వీధిలోకి వినబడేది. చిన్నప్పుడు కాలవ రేవులో జారిపడి ముందుపన్ను అంచు విరిగింది. నవ్వినప్పుడు అదే ముందు కనబడేది. ఆ నవ్వు ఆగిపోయాక ఆ ఇంట్లోకి అడుగుపెట్టాలంటే నాకు భయం వేసేది.

ఏడాది తిరిగాక మావయ్య వదిన ముఖం మొదలుపెట్టారు. రెండుసార్లు అత్తయ్యని పిలిచారు. రెండుసార్లూ పెదాలు మూసుకున్న చక్కని ముఖమే. “అమ్మవారిలా ఉందండీ. మన పిల్ల కాదు,” అని అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ వచ్చేసింది. “నవ్వుని కదలకుండా నిలబెడితే నాలుగు రోజులకి వెక్కిరింపులా ఉంటదే,” అన్నారు మావయ్య. ఆయన మాటా అబద్ధం కాదు. మూడోసారి పిలుపు రాలేదు, ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన ఎప్పుడైనా గుడ్డ తీసి కాసేపు దిద్ది మళ్ళీ కప్పేసేవారు. అత్తయ్య మాత్రం రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్ళు తెచ్చి, తల పక్కకి తిప్పుకుని, ఆ గుడ్డ మీద పోసి వచ్చేది. వదినకి తలంటు పోస్తున్నట్టుండేది నాకు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చిన మావయ్య మరి లేవలేదు. అత్తయ్యని మూలగదిలో చాప మీద కూర్చోబెట్టారు. పెద్దకార్యం అయ్యేదాకా గడప దాటకూడదన్నారు. పనివాళ్ళు గురువుగారి మీద గౌరవంతో షెడ్డుకి తాళం వేసి, దానికి పసుపుగుడ్డ కట్టారు. గౌరవంలో ఎవరూ ఏ లోటూ చెయ్యలేదు. నీళ్ళ సంగతే ఎవరికీ తట్టలేదు. అత్తయ్యకి తట్టిందేమో, చావింట్లో ఆ మాట ఎలా ఎత్తుతుంది?

కార్యం అయిన మర్నాడు అత్తయ్యా నేనూ ఉండగా తాళం తీశారు. గుడ్డ అట్టకట్టుకుపోయింది. పెద్ద పనివాడు మెల్లగా విడదీశాడు. నుదుటి నుంచి గడ్డం దాకా పగుళ్ళే, ఒక చెవి ఊడి కిందపడింది. కానీ పెదాలు విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య, అంచు విరిగిన ముందుపన్ను. వెక్కిరింపు లేదు, ఏమీ లేదు, మా వదినే. ఎప్పుడు దిద్దారో, ఏ రోజు పిలుద్దామనుకున్నారో, మావయ్యకే తెలియాలి.

“పగుళ్ళు పూడ్చి అచ్చు తీసేత్తానండి, అమ్మగారూ,” అన్నాడు పనివాడు, ఏడుస్తూ.

“వద్దు నాయనా. పూడిస్తే అది నీ చెయ్యి అవుద్ది.” అత్తయ్య దాని ముందు నేల మీద కూర్చుంది. చాలాసేపు చూసింది. సాయంత్రం తనే లేచి, “మట్టి తొట్టిలో కలిపెయ్యండి. ఆయన పిలిచేరు, నేను చూసేను,” అంది.

అత్తయ్య పోయి కూడా చాలాకాలమైంది. ఆ ముఖాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు నేనే మిగిలాను. నాకన్నా పెద్దదైన వదినకి ఇంకా పదిహేడేళ్ళే, నాకు అరవై దాటాయి. కాలం మా ఇద్దరిలో ఒక్కదాన్నే వెంట తీసుకొచ్చింది.